షే స్టేడియంలో పాట ఎవరికి వినబడింది?

1965 ఆగస్టు 15న న్యూయార్క్‌లోని షే స్టేడియంలో బ్రిటిష్ రాక్ బృందం బీటిల్స్ కచేరీకి 55,600 మంది వచ్చారు. బేస్‌బాల్ మైదానంలో రెండో బేస్ (పరుగు తీసే ఆటగాడు తాకాల్సిన గుర్తు) దగ్గర వేదిక వేశారు. వేదికకూ మొదటి వరుస కుర్చీకీ మధ్య పచ్చిక, పోలీసులు తప్ప ఇంకేమీ లేదు. నలుగురు కుర్రాళ్లు పన్నెండు పాటలను అరగంటలో ముగించి వెళ్లిపోయారు. టికెట్ల మీద 3,04,000 డాలర్లు వసూలయ్యాయి. అంత మంది రావడమూ, అంత డబ్బు రావడమూ ఆనాటికి రికార్డే. ఈ రెండు అంకెలూ రాక్ సంగీత చరిత్ర రాసిన ప్రతివారికీ కంఠస్థం. లెక్కలోకి రానిది మూడో అంకె: పాట విన్నవారు ఎందరు? ఎవరైనా లెక్కపెట్టి ఉంటే వేదిక మీది నలుగురూ ఆ జాబితాలో ఉండేవారు కాదు.

వాక్స్ కంపెనీ బీటిల్స్ కోసం 100 వాట్ల ఆంప్లిఫయర్లు తయారుచేసి ఇచ్చింది. మొదట్లో వాళ్లు వాడినవి 30 వాట్లవి. పెద్ద మెట్టే ఎక్కారు కానీ ఆ శక్తి ఒక సినిమా హాలుకు చాలుతుంది, బేస్‌బాల్ మైదానానికి ఏ మూలకూ రాదు. గొంతుల సంగతి మరీ అన్యాయం. బ్యాటింగ్‌కు ఎవరు వస్తున్నారో చెప్పడానికి స్టేడియంలో బిగించిన ప్రకటనల స్పీకర్లలోనే పాట కూడా వినిపించారు. జాతరలో తప్పిపోయిన పిల్లవాడి గుర్తులు చెప్పే మైకు సెట్టులో కచేరీ పెట్టినట్టు అన్నమాట. అలాంటి స్పీకరు మాటను దూరం మోయడానికి పుట్టింది. అందులో కింది స్వరాలు రానే రావు, పై స్వరాలు చీలి వస్తాయి.

డ్రమ్స్ వెనక కూర్చున్న రింగో స్టార్‌కు తోటివాళ్ల గిటార్లు వినబడేవి కావు. వాళ్ల తలలు ఊగే తీరునూ, వీపుల కదలికనూ చూసి పాట ఎక్కడిదాకా వచ్చిందో పట్టుకునేవాణ్ణని ఆయన తర్వాత పలుమార్లు చెప్పాడు. షేలో చివరి పాటకు జాన్ లెనన్ ఆర్గాన్ ముందు కూర్చుని మోచేతులతో మెట్లు గుద్దుతూ విరగబడి నవ్వాడు. దాన్ని అందరూ ఉత్సాహం కిందే జమకట్టారు. ఏ మెట్టు నొక్కినా ఒకటేనని తెలిసిపోయిన మనిషి నవ్వు కూడా అలాగే ఉంటుంది.

ఆ కచేరీని టెలివిజన్ చిత్రంగా తీశారు. ఇప్పుడు దాన్ని చూసినవారికి శబ్దం ఫరవాలేదనిపిస్తుంది. అనిపించడానికి కారణం ఉంది. 1966 జనవరిలో బీటిల్స్ లండన్‌లోని ఒక స్టూడియోలో కూర్చుని ఆ చిత్రానికి మళ్లీ పాడి, మళ్లీ వాయించి అతికించారు. ఒక పాటకైతే గ్రామఫోన్ రికార్డునే తెచ్చి వేశారు. మరో పాటకు వేరే ఊరి కచేరీలో రికార్డు చేసినది తగిలించారు. పాత కచేరీల గురించి మాట్లాడుకునేటప్పుడు ముందుగా గుర్తుంచుకోవలసిన సంగతి ఇది. మన చేతికి వచ్చిన సాక్ష్యంలో చాలా భాగం తర్వాత మరమ్మతు చేసినదే.

మరి నిజం బయటపడింది ఎక్కడ? టోక్యోలో. 1966 జూన్ 30 నుంచి మూడు రోజులు అక్కడి బుడోకాన్‌లో బీటిల్స్ వాయించారు. 1964 ఒలింపిక్స్‌లో జూడో పోటీల కోసం కట్టిన మందిరం అది. పోలీసు బందోబస్తు గట్టిగా ఉండటంతో జనం కుర్చీల్లోంచి లేవలేదు, కేకలు కూడా అమెరికాలో కంటే చాలా తక్కువ. దాంతో చాలాకాలం తర్వాత బీటిల్స్‌కు తమ వాద్యం తమకు వినబడింది. గొంతులు శ్రుతి తప్పుతున్నాయి, గిటార్లు తడబడుతున్నాయి. రెండేళ్లుగా కేకల చాటున తాము ఎలా వాయిస్తున్నారో వాళ్లకు అక్కడ తెలిసివచ్చింది. మరో రెండు నెలలకు, ఆగస్టు 29న, శాన్‌ఫ్రాన్సిస్కోలోని క్యాండిల్‌స్టిక్ పార్కులో సుమారు 25,000 మంది ముందు పదకొండు పాటలు పాడి పర్యటనలకు శాశ్వతంగా స్వస్తి చెప్పారు. అదే నెల మొదట్లో విడుదలైన కొత్త ఆల్బమ్ 'రివాల్వర్' నుంచి ఆ పర్యటనలో ఒక్క పాట కూడా పాడలేదు. స్టూడియోలో టేపులను వెనక్కి తిప్పి, గొంతు మీద గొంతు పేర్చి చేసిన పాటలను రెండు గిటార్లు, ఒక బేస్, ఒక డ్రమ్ సెట్టుతో మైదానంలో పాడటం కుదిరే పని కాదు.

పాత రాక్ కచేరీలకు వెళ్లి నిరాశతో తిరిగొచ్చినవారు సాధారణంగా కళాకారులనే తప్పుపడతారు. తాగి వచ్చారు, బద్ధకంగా వాయించారు, డబ్బు తీసుకుని చేతులు దులుపుకున్నారు అంటారు. కొన్ని రాత్రుల విషయంలో అది అక్షరాలా నిజం. అయితే 1960లు, 70ల కచేరీలను మొత్తంగా చూస్తే అసలు కారణం అంతకంటే నీరసమైనది: జనం ముందు పెరిగారు, పరికరాలు తర్వాత పెరిగాయి. రెండు వేల మంది పట్టే నాటకశాలలో పాతిక రాత్రులు పాడితే వచ్చే డబ్బు మైదానంలో ఒక్క రాత్రికే వస్తుందని షే నిరూపించింది. ఆ లెక్క తెలిశాక స్పీకర్లు సిద్ధమయ్యేదాకా ఆగుదామని ఏ నిర్వాహకుడూ అనుకోలేదు. 1973 మే 5న ఫ్లోరిడాలోని టాంపాలో లెడ్ జెప్పెలిన్ అనే మరో బ్రిటిష్ బృందం ఒక్కటే 56,800 మందిని రప్పించి షే రికార్డు దాటింది. వసూలు 3,09,000 డాలర్లు. ఈ ఎనిమిదేళ్లలో టికెట్ల వ్యాపారం నేర్చుకున్నంత వేగంగా ధ్వని శాస్త్రం నేర్చుకోలేదు.

ఆరుబయట శబ్దం పుట్టిన చోటి నుంచి దూరం రెట్టింపైన ప్రతిసారీ దాని తీవ్రత ఆరు డెసిబెల్స్ (శబ్దాన్ని కొలిచే ప్రమాణం) తగ్గుతుంది. స్పీకరుకు అయిదు మీటర్ల దూరంలో 110 డెసిబెల్స్ ఉంటే, ఎనభై మీటర్ల దగ్గర 86 మిగులుతుంది. పక్క కుర్చీలోని అమ్మాయి కేక అంతకంటే పెద్దది. వెనకవాళ్లకు వినబడాలని శబ్దం పెంచితే ముందువాళ్ల చెవులు పోతాయి. పైగా ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లే ప్రయాణిస్తుంది. వంద మీటర్ల దూరాన కూర్చున్నవారికి డ్రమ్ము మీద కర్ర పడటం కనబడిన దాదాపు 0.3 సెకను తర్వాత గాని దెబ్బ వినబడదు. దూరం పోయేకొద్దీ పై స్వరాలను గాలి మింగేస్తుంది కాబట్టి వెనక వరుసలకు చేరేది ఎక్కువగా బేస్ మోతే. పగటి ఎండకు కాలిన నేల మీది వేడి గాలి ధ్వనిని పైకి వంచేస్తుంది. రాత్రి నేల చల్లబడితే అదే ధ్వని కిందికి వంగుతుంది. గాలి వీస్తే పాట దగ్గరికి వచ్చి, దూరం వెళ్లి, మళ్లీ వస్తుంది. సాయంత్రం సౌండ్ చెక్‌లో చూసుకున్నది ఏదీ రాత్రి తొమ్మిదింటికి అలాగే ఉండదు.

పైకప్పు ఉన్న చోటైనా బాగుంటుందా అంటే, చాలాసార్లు ఇంకా ఘోరం. హార్వర్డ్ ఆచార్యుడు వాలెస్ సాబిన్ 19వ శతాబ్దం చివర్లోనే ఒక సంగతి తేల్చిచెప్పాడు. గదిలో పుట్టిన శబ్దం అణగడానికి పట్టే సమయం ఆ గది పరిమాణం మీద, అందులో శబ్దాన్ని పీల్చే మెత్తటి వస్తువుల మీద ఆధారపడుతుందన్నది దాని సారాంశం. సింఫనీకి ఆ సమయం రెండు సెకన్లు ఉంటే వయొలిన్లు ఒకదానిలో ఒకటి కలిసి ఇంపుగా వినబడతాయి. స్పీకర్లలో వచ్చే రాక్‌కు అంతకంటే చాలా తక్కువ ఉండాలి. నిమిషానికి 120 దెబ్బల తాళంలో రెండు దెబ్బల మధ్య అర సెకను ఉంటుంది. ఐస్ హాకీ కోసమో బాస్కెట్‌బాల్ కోసమో కట్టిన కాంక్రీటు, రేకుల మందిరంలో మోత అణగడానికి నాలుగు సెకన్లు పట్టిందనుకుంటే, ప్రతి డ్రమ్ము దెబ్బా తనకు ముందు పడిన ఎనిమిది దెబ్బల బురదలో పడుతున్నట్టే. తెరలు కట్టినా వాటికి చిక్కేవి పై స్వరాలే. బేస్ గిటార్ మోత తెరను లెక్కచేయదు. హైదరాబాద్‌లో ఆటల కోసం కట్టిన ఇండోర్ స్టేడియంలో సినీ సంగీత విభావరికి వెళ్లినవారికి ఈ బురద కొత్త కాదు.

లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాల్ ఈ విషయంలో పేరుమోసిన దోషి. 1871లో ప్రారంభమైన రోజు నుంచి గుమ్మటం కింద ప్రతిధ్వని వెంటాడింది. బ్రిటిష్ స్వరకర్త తన కృతిని రెండుసార్లు వినగలిగే చోటు అదొక్కటేనని సంగీత లోకంలో ఒక జోకు. గుమ్మటం నుంచి పుట్టగొడుగుల్లాంటి ఫైబర్‌గ్లాస్ పళ్లేలు వేలాడదీసి 1969లో ఆ జబ్బును చాలావరకు నయం చేశారు. క్రీమ్ బృందం వీడ్కోలు కచేరీ అదే హాలులో 1968 నవంబరు 26న, అంటే పళ్లేలు రాకముందు జరిగింది. 2005 మేలో అదే ముగ్గురు అదే హాలులో మళ్లీ కలిసి వాయించారు. రెండు కచేరీల చిత్రాలూ దొరుకుతాయి. వెంటవెంటనే వింటే తేడా వేళ్ల నైపుణ్యంలో కంటే గోడలలో, తీగలలో, పెట్టెలలో ఎక్కువ కనబడుతుంది.

వేదిక మీదివారికి తమ గొంతు తమకు వినబడకపోవడం మరో పెద్ద చిక్కు. గాయకుడి వైపు తిప్పి పెట్టే మానిటర్ స్పీకర్లు 1960ల చివరి దాకా మామూలు కాలేదు. గొంతు వినబడని గాయకుడు అరుస్తాడు. అరిస్తే శ్రుతి పైకి జారుతుంది, నాలుగో పాటకల్లా గొంతు బొంగురుపోతుంది. మరి స్పీకరును గాయకుడి వైపు తిప్పితే పోలేదా? పెళ్లి పందిట్లో మైకు పట్టుకుని స్పీకరు ముందుకు నడిచిన ప్రతి పెద్దమనిషికీ దాని ఫలితం తెలుసు. స్పీకరులోంచి వచ్చిన శబ్దం మళ్లీ మైకులోకి వెళ్తుంది, ఆంప్లిఫయర్ దాన్ని పెంచి మళ్లీ స్పీకరుకు పంపుతుంది. రెండు సెకన్లలో చెవులు చిల్లులు పడే కూత. దాన్ని ఆపడానికి సౌండ్ మనిషికి అప్పట్లో ఉన్న దారి ఒక్కటే, గొంతు తగ్గించడం. అందుకే ఆ రోజుల కచేరీల్లో గిటార్ ఊళ్లన్నీ ఏలుతుంది, మాటలు ఒక్కటీ అర్థం కావు.

శ్రుతి సంగతికి వస్తే, చేతిలో ఇమిడే ఎలక్ట్రానిక్ ట్యూనర్లు 1970ల మధ్య దాకా లేవు. వేదిక దీపాల వేడికి గిటార్ తీగలు సాగుతాయి. పదివేల మంది అరుస్తుండగా చెవితో శ్రుతి చేసుకోవాలి. ఇక్కడ ఒక పిట్టకథ. 1971 ఆగస్టు 1న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో బంగ్లాదేశ్ సహాయ కచేరీ జరిగింది. రవిశంకర్, అలీ అక్బర్ ఖాన్, అల్లా రఖా తమ వాద్యాలను శ్రుతి చేసుకుని ఆగగానే జనం హోరున చప్పట్లు కొట్టారు. శ్రుతి చేసుకోవడమే ఇంత నచ్చితే కచేరీ ఇంకా నచ్చుతుందని రవిశంకర్ చమత్కరించారు. దీన్ని అమెరికా శ్రోతల అమాయకత్వానికి ఉదాహరణగా చెబుతారు. ఆ శ్రోతలు అంతకుముందు ఎన్ని కచేరీల్లో శ్రుతి చేయని గిటార్లు విని ఉంటారో కూడా కాస్త ఆలోచించవచ్చు.

వినబడటం లేదంటే చాలామంది బృందాలవాళ్లు కనిపెట్టిన మందు, ఇంకా గట్టిగా వాయించడం. 1976 మే 31న లండన్ చార్ల్‌టన్ ఫుట్‌బాల్ మైదానంలో ద హూ అనే రాక్ బృందం కచేరీ శబ్దం స్పీకర్లకు 32 మీటర్ల దూరంలో 126 డెసిబెల్స్ నమోదైంది. గిన్నిస్ పుస్తకం దాన్ని ప్రపంచ రికార్డుగా ప్రకటించింది. చెవులు పాడుచేసుకోవడానికి ప్రోత్సాహం ఇచ్చినట్టు అవుతుందని తర్వాత ఆ విభాగాన్నే ఎత్తేసింది. ఆ బృందం గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ జీవితాంతం వదలని వినికిడి సమస్య గురించి బహిరంగంగానే మాట్లాడాడు. ఆరోగ్య ప్రమాణాల ప్రకారం 85 డెసిబెల్స్ మోతను ఎనిమిది గంటలు భరించవచ్చు. ప్రతి మూడు డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర పావుగంటే. అంతకు మించితే చెవి మొద్దుబారుతుంది, ముఖ్యంగా పై స్వరాలకు. మిక్సింగ్ దగ్గర కూర్చున్నవాడి చెవికీ అదే గతి కాబట్టి పై స్వరాలు తగ్గాయనుకుని ఇంకొంచెం పెంచుతాడు. గంట గడిచేసరికి పాట కీచుమంటుంది, ఆ సంగతి అతనికే తెలియదు.

పరిస్థితిని మార్చడానికి ప్రయత్నించినవారు లేకపోలేదు. ఇంగ్లండ్‌లో చార్లీ వాట్కిన్స్ అనేక ఆంప్లిఫయర్లను గొలుసుకట్టుగా కలిపి 1967 విండ్సర్ ఉత్సవంలో వెయ్యి వాట్ల వ్యవస్థ పెట్టాడు. అమెరికాలో బిల్ హాన్లీ 1969 ఆగస్టులో వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో ఎత్తైన మంచెల మీద స్పీకర్లు కట్టి కొండవాలు మీద కూర్చున్న లక్షల మందికి పాట చేర్చాడు. అదే ఏడాది డిసెంబరులో కాలిఫోర్నియాలోని ఆల్టమాంట్‌లో హడావిడిగా పెట్టిన ఉచిత కచేరీలో శబ్దమూ సరిపోలేదు, వేదికా ఎత్తు చాలలేదు. అక్కడ జరిగిన హత్య ముందు ఆ లోపాలు ఎవరికీ గుర్తుండలేదు. 1973 జులైలో న్యూయార్క్ రాష్ట్రంలోని వాట్కిన్స్ గ్లెన్ అనే ఊళ్లో సుమారు ఆరు లక్షల మంది చేరినప్పుడు ఇంజనీర్లు జనం మధ్యలో మంచెలు కట్టి, డిజిటల్ పరికరాలతో వాటి శబ్దాన్ని కావాలనే ఆలస్యం చేశారు. ప్రతి అరవై మీటర్లకూ 0.175 సెకను. వేదిక నుంచి గాలిలో నడిచి వచ్చే శబ్దమూ, మంచె శబ్దమూ ఒక్కసారే చెవిలో పడాలని. ఇప్పుడు ప్రతి పెద్ద కచేరీలో కనిపించే డిలే టవర్ల లెక్క ఇదే.

అన్నిటికంటే వెర్రిదీ, అందమైనదీ గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం 1974లో కట్టిన 'వాల్ ఆఫ్ సౌండ్', అంటే ధ్వని గోడ. ఓస్లీ స్టాన్లీ అనే సౌండ్ మనిషి ఆలోచన అది. బృందం వెనక మూడంతస్తుల ఎత్తున ఆరువందల దాకా స్పీకర్లు పేర్చారు. 26,400 వాట్లు, సుమారు 75 టన్నుల బరువు. ఒక్కో వాద్యానికి ఒక్కో స్పీకర్ల దొంతర ఉండటంతో రెండు వాద్యాలు ఒకే పెట్టెలో పడి కలగాపులగం అయ్యే బాధ తప్పింది. గోడ వెనకే ఉంది కాబట్టి జనం వినేదే వాయించేవాళ్లూ వింటారు, మానిటర్లు అక్కర్లేదు. మరి మైకు కూత? దానికి వాళ్లు వేసిన ఎత్తు ముచ్చటైనది. ప్రతి గాయకుడికీ ఒకదాని కింద ఒకటిగా రెండు మైకులు పెట్టి, ఒకదాన్ని విద్యుత్ పరంగా తలకిందులు చేశారు. వెనక గోడ మోత రెండింటిలోనూ సమానంగా పడి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. గాయకుడు పెదవులు ఆనించి ఒక్క మైకులోనే పాడతాడు కాబట్టి గొంతు మాత్రం మిగులుతుంది. గొంతు కాస్త పలచబడిందన్న మాట వాస్తవమే. కానీ వందల అడుగుల దూరంలోనూ మాట తెలిసేది. దాన్ని ఒక ఊళ్లో నిలబెట్టేసరికి ఇంకో ఊరి కచేరీ ముంచుకొచ్చేది. అందుకని రెండు జతల వేదికలు కొని, ఒకటి విప్పుతుండగా రెండోది ముందే పంపేవారు. ఖర్చు మోయలేక అదే ఏడాది అక్టోబరులో గోడను దించేశారు. బాగా వినిపించడం సాధ్యమేనని, కానీ గిట్టుబాటు కాదని ఒకే ఏడాదిలో రెండూ రుజువయ్యాయి.

పరికరాలు ఎదిగాక కూడా నిర్వహణ దెబ్బతీసిన సందర్భాలున్నాయి. 1985 జులై 13న లండన్‌లోనూ ఫిలడెల్ఫియాలోనూ జరిగిన లైవ్ ఎయిడ్ అనే సహాయ కచేరీలో బృందం తర్వాత బృందం ఇరవై నిమిషాల చొప్పున వచ్చిపోయింది, తీరిగ్గా సరిచూసుకునే వ్యవధి లేదు. లండన్ వెంబ్లీలో బీటిల్స్ నలుగురిలో ఒకడైన పాల్ మెకార్ట్నీ పియానో ముందు పాడటం మొదలుపెట్టాక దాదాపు రెండు నిమిషాలు మైకు పనిచేయలేదు. ఫిలడెల్ఫియాలో లెడ్ జెప్పెలిన్ సభ్యులు అరకొర సాధనతో, ఇద్దరు అరువు డ్రమ్మర్లతో వేదికెక్కారు. రాబర్ట్ ప్లాంట్ గొంతు బొంగురుపోయింది, జిమ్మీ పేజ్ గిటార్ శ్రుతి తప్పింది. 2004లో డీవీడీలు వచ్చినప్పుడు తమ భాగం అందులో ఉండటానికి వాళ్లు ఒప్పుకోలేదు. దాన్ని తప్పుపట్టడం కష్టం.

అసలు మలుపు 1992 ప్రాంతంలో వచ్చింది. క్రిస్టియన్ హీల్ అనే ఫ్రెంచ్ భౌతికశాస్త్రవేత్త నిలువుగా వేలాడదీసే స్పీకర్ల వరుసను రూపొందించాడు. ఇప్పుడు లైన్ అర్రే అంటారు. వరుసలోని పెట్టెలన్నీ కలిసి ఒకే పొడవాటి స్పీకరులా పనిచేస్తాయి. ధ్వని పైకీ కిందికీ చెదరకుండా జనం మీదికే వెళ్తుంది. కొంత దూరం వరకు దూరం రెట్టింపైనప్పుడు ఆరుకు బదులు మూడు డెసిబెల్స్ తగ్గుతుంది. ముందు వరుసను చెవిటివాళ్లను చేయకుండా వెనక వరుసకు వినిపించే మార్గం అలా దొరికింది. గాయకుల చెవుల్లో బుల్లి మానిటర్లు కూడా ఆ దశాబ్దంలోనే వాడుకలోకి వచ్చాయి. వేదిక మీద రణగొణ తగ్గింది. గోడలు మాత్రం మారలేదు.

ఇన్ని లోపాలున్నా ఆ కచేరీలకు వెళ్లినవారిలో చాలామంది వాటిని జీవితంలో మరపురాని రాత్రులుగా చెప్పుకుంటారు. అది అబద్ధం కాదు. అయితే వాళ్ల జ్ఞాపకంలో మోగే పాట మైదానంలో విన్నదో, ఇంటికెళ్లి వందసార్లు తిప్పిన రికార్డుదో విడదీయడం కష్టం. 1964, 65లలో లాస్ ఏంజెలెస్‌లోని హాలీవుడ్ బౌల్‌లో బీటిల్స్ కచేరీలను మూడు ట్రాకుల టేపు మీద రికార్డు చేశారు. కేకల హోరుకు ఆ టేపులు పనికిరావని పక్కన పడేశారు. నిర్మాత జార్జ్ మార్టిన్ వాటిని బాగుచేసి 1977లో గాని ఆల్బమ్‌గా తేలేకపోయాడు. 2016లో కంప్యూటర్ సాయంతో కేకలనూ గొంతులనూ వేరుచేసి మళ్లీ విడుదల చేశారు. ఆ రాత్రుల్లో బౌల్‌లో కూర్చున్నవారికి దక్కని స్పష్టత యాభై ఏళ్ల తర్వాత ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నవారికి దక్కింది.

షే స్టేడియాన్ని కూల్చేముందు 2008 జులైలో అమెరికన్ గాయకుడు బిల్లీ జోయెల్ అక్కడ రెండు రాత్రులు పాడాడు. రెండో రాత్రి, 18న, మెకార్ట్నీ అతిథిగా వేదిక మీదికి వచ్చాడు. 1965లో ఆయన నిలబడిన మైదానమే. లా గార్డియా విమానాశ్రయం ఎప్పటిలాగే పక్కనే ఉంది, జనం ఎప్పటిలాగే అరిచారు. ఈసారి పైనుంచి వేలాడుతున్న స్పీకర్లలోంచి పియానో, ఆయన గొంతు చివరి వరుస దాకా వెళ్లాయి. మరుసటి ఏడాది ఫిబ్రవరికల్లా స్టేడియం నేలమట్టమైంది. ఇప్పుడు అక్కడ కార్లు నిలుపుతున్నారు.